నాలుగో గడి

మా ఆయన్ని వీధిలో అందరూ శాతాల మాస్టారు అంటారు. విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెబుతారు గానీ, ఆయన పేరు మోగేది ఎన్నికలప్పుడే. ఏ పార్టీ ఎక్కడ గెలుస్తుందో, ఎన్ని సీట్లొస్తాయో ముందే లెక్కకట్టి చెప్పడం ఆయన విద్య. చెప్పింది చెప్పినట్టు జరుగుతూ వచ్చింది కూడా. పాలవాడి దగ్గర్నుంచి పళ్ళు పీకే డాక్టరు దాకా ఆయన్ని ఆపి "ఎవరంటారు మాస్టారూ ఈసారి?" అని అడగనివాళ్ళు లేరు. ఇంట్లో మాత్రం ఆయన లెక్క నా దగ్గర సాగేది కాదు. వంటింటి కప్పు కారుతోంది, తాపీమేస్త్రీని పిలవండి అంటే "చూద్దాం" అనేవారు. ఆ చూద్దాం కింద గిన్నె పెట్టుకుని నేను మూడు వానాకాలాలు వెళ్ళదీశాను.

ఆ వేసవిలో మాత్రం ఎన్నికలు వీధిలో ఆగలేదు. చెప్పులు విప్పకుండా మా ఇంట్లోకే వచ్చి కూర్చున్నాయి.

మా అన్నయ్య ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరు. నాదీ అదే ఆసుపత్రి. అన్నయ్య అతికించిన కాళ్ళకీ చేతులకీ మళ్ళీ కదలిక నేర్పడం నా పని. "నేను కడతాను, మా చెల్లెలు నడిపిస్తుంది" అని రోగులతో అంటుండేవాడు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక సాయంత్రం డ్యూటీ దిగి, తిన్నగా మా ఆయన చదువుకునే గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

"బావా, టిక్కెట్టిస్తామంటున్నారు నాకు."

మా ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "నీకెందుకు బావా ఈ గోల?"

"ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులు. మంచాలు కావాలని పైకి రాసి రాసి నా చెయ్యి అరిగిపోయింది. అసెంబ్లీకే వెళ్ళి అడిగేస్తా. కాకపోతే ఒక చిక్కుంది. నిలబడాలంటే రాజీనామా ఇవ్వాలి. ఒకసారి ఇస్తే మళ్ళీ తీసుకోరు. అందుకే నీ దగ్గరికొచ్చా. గెలుస్తానంటే ఇస్తాను. లేదంటావా, రేపు పొద్దున్నే మామూలుగా థియేటర్లో ఉంటాను."

"ఇంట్లోవాళ్ళకి నేను లెక్కలు చెప్పను. నాకు భయం."

"ఊరందరికీ చెప్పేవాడివి నాకు చెప్పవా? నాకోసం ప్రత్యేకంగా ఏం చెయ్యొద్దు. ఎలాగూ అన్ని నియోజకవర్గాలకీ ఫోన్లు చేయిస్తావుగా. మాదీ అడిగించు. వచ్చింది వచ్చినట్టు చెప్పెయ్."

మా ఆయన నా వైపు చూశారు. చెప్పండి, పోనిద్దురూ అన్నట్టు తల ఊపాను. నాకు మా అన్నయ్య ఏ పని మొదలుపెట్టినా గెలుస్తాడనే నమ్మకం.

ఆ వారమంతా ఆయన క్యాంటీను తిండి తింటున్నారని తెలిసి, ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. పొడుగాటి గది. రెండు వరసల బల్లలు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకున్న విద్యార్థులు ఒకరి గొంతు మీద ఒకరు మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరి ముందూ నాలుగు గడుల కాగితం. మొదటి గడి అన్నయ్యకి, రెండోది ఇప్పుడున్న ఎమ్మెల్యేకి, మూడోది మిగతా వాళ్ళకి, నాలుగోది ఇంకా తేల్చుకోని వాళ్ళకి. తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి మహా మర్యాదగా అడుగుతోంది. "ఎముకల డాక్టరుగారికి వేస్తారా అండీ? ఆఁ? చూద్దామంటారా? సరేనండీ, థాంక్సండీ." నాలుగో గడిలో టిక్కు పెట్టి ఇంకో నంబరు నొక్కింది.

ఆదివారం అన్నయ్యా వదినా మా ఇంటికి భోజనానికి వచ్చారు. భోజనాలయ్యేదాకా ఎవరూ ఆ ఊసెత్తలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మా ఆయన అన్నారు.

"నూటికి నలభై మంది నీకు బావా. అతనికి ముప్పై అయిదు. మిగతావాళ్ళకి నాలుగైదు. తేల్చుకోనివాళ్ళు ఇరవై మంది."

"వాళ్ళ మాటేమిటి?"

"తేల్చుకోనివాళ్ళు చివరికి ఊరు ఎటు పోతే అటే పోతారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నదే. అదే లెక్కన పంచేశాను. గెలుస్తావు."

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. వదిన మాత్రం కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "అన్నయ్యగారూ, ఆ ఇరవై మందీ ఏమన్నారు?" అంది.

"ఇంకా తేల్చుకోలేదన్నారమ్మా."

"ఆ మాటే అన్నారా?"

"ఆ అర్థం వచ్చేలా."

వదిన పళ్ళాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు అన్నయ్య రాజీనామా ఇచ్చాడు. తన గదిలో వేలాడే ప్లాస్టిక్ వెన్నెముకని చంకన పెట్టుకొచ్చి నా గదిలో తగిలించాడు. "దీన్ని నువ్వు చూసుకో చిన్నీ. నేను పోయే చోట వెన్నెముకతో పనుండదట" అన్నాడు. నర్సులు పడీ పడీ నవ్వారు. ఆపరేషన్ థియేటరు తలుపు మూసేటప్పుడు మాత్రం కాసేపు గొళ్ళెం పట్టుకునే నిలబడ్డాడు. నేను చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాను.

ప్రచారం మొదలైంది. డ్యూటీ అయిపోగానే నేనూ వెంట తిరిగేదాన్ని. చెమటకి జాకెట్టు వీపుకి అతుక్కుపోయేది. అయినా చెప్పొద్దూ, ఆ ఆదరణ చూస్తే ఒళ్ళు పులకరించిపోయేది. ఏ గుమ్మం ఎక్కినా కుర్చీలు వేసేవాళ్ళు, చల్లటి నీళ్ళిచ్చేవాళ్ళు. ఒకాయన పంచె పైకి లాగి మోకాలు చూపించాడు, ఒకావిడ మనవడి చెయ్యి పైకీ కిందకీ ఆడించి చూపించింది. "మీరు మా దేవుడు డాక్టరుగారూ" అనేవాళ్ళు. ఓటు సంగతి ఎత్తితే నవ్వుతూ "చూద్దాం బాబూ, చూద్దాం" అనేవాళ్ళు. కార్యకర్తలు జేజేలు కొట్టుకుంటూ పక్కింటికి కదిలేవాళ్ళు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. ఆ తర్వాత ఒక రోజు పదవీ విరమణ చేసిన హెడ్మిస్ట్రెస్ ఇంటికి వెళ్ళాం. ఆవిడ తుంటి విరిగితే అన్నయ్యే ఆపరేషన్ చేశాడు. అన్నయ్య పలకరించి పక్కింటి వైపు నడిచాడు. నేను ఆగి, ఆవిణ్ణి వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు వంచి చూశాను. బిగుసుకుపోయి ఉంది.

"చెప్పిన వ్యాయామాలు చేస్తున్నారా టీచరుగారూ?"

"చూద్దాం అమ్మా, రేపట్నుంచి."

నాకు నవ్వొచ్చింది. "మీ చూద్దాం నాకు తెలీదూ! చెయ్యరన్నమాట."

ఆవిడా నవ్వేసింది. సరిగ్గా అప్పుడే గేటు అవతల్నుంచి అన్నయ్య కేకేశాడు. "టీచరుగారూ, ఓటు మర్చిపోకండి!"

"చూద్దాం నాయనా!"

అదే గొంతు. అదే నవ్వు. నా చెయ్యి ఆవిడ మోకాలి మీద అలాగే ఉండిపోయింది.

"టీచరుగారూ, మా అన్నయ్యకి వెయ్యరా?"

ఆవిడ గేటు వైపు చూసి గొంతు తగ్గించింది. "కోప్పడకమ్మా. ఆయన గెలిచి అక్కడికి పోతే ఇక్కడ మా ఎముకలెవరు కడతారు? మా వీధివాళ్ళమంతా అదే అనుకున్నాం. ఓడిపోతే మళ్ళీ ఆసుపత్రికి వచ్చేస్తారుగా."

"రానివ్వరు టీచరుగారూ. రాజీనామా ఇచ్చేశాక ఇంక అంతే."

"అవన్నీ కాగితాల మీద మాటలమ్మా. అంత మంచి డాక్టర్ని వద్దంటారా ఎవరైనా?"

"మరి ఆ ముక్క అన్నయ్యతో చెప్పరేం?"

"ఎలా చెప్తానే పిచ్చిపిల్లా! నా తుంటి ఆయన చేతుల్లో బాగుపడింది. మొహమ్మీదే వెయ్యనంటానా?"

ఆవిడ కాలు మెల్లిగా కింద పెట్టి లేచాను. అన్నయ్యకి వెనకబడి నడుస్తూ ఆ వీధి మొత్తం చెవులు రిక్కించుకుని విన్నాను. ఇంటికో చూద్దాం. ఆ రోజు దాకా ఆశీర్వాదంలా వినపడిన మాటని, ఆ వీధి చివరికొచ్చేసరికి వేళ్ళమీద లెక్కపెడుతున్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన్ని చదువుకునే గదిలోనే పట్టుకున్నాను.

"ఏమండీ, మీ నాలుగో గడిలో వాళ్ళు ఏం మాటన్నారో మీరు విన్నారా?"

"పిల్లలు విన్నారుగా. ఏం?"

"చూద్దాం అంటే ఏ గడి?"

"నాలుగు. ఆలోచించుకుంటామనేగా."

"వంటింటి కప్పు గురించి మీరు మూడేళ్ళుగా ఆలోచించుకుంటున్నారా?"

హెడ్మిస్ట్రెస్ అన్నదంతా చెప్పాను. వింటూ వింటూ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ తీసేశారు. ఆయన ముఖంలో రంగు పోవడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు నన్నూ రమ్మన్నారు. ఫోన్ల గదిలో ఎవరూ లేరు. మాటలన్నీ రికార్డయి ఉన్నాయి. చెరో హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాం. "చూద్దాం లేమ్మా." "చూద్దాం చూద్దాం, ఇంతకీ డాక్టరుగారు కులాసాయేనా?" "అయ్యో, ఆయన్ని కాదంటామా, చూద్దాం." ఒక్కో గొంతూ వింటుంటే నాకు మొహాలు కూడా కనపడుతున్నాయి. వాళ్ళలో సగం మంది నా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకున్నవాళ్ళు. ఎదురుగా కూర్చుని మా ఆయన ఒక్కో టిక్కునీ నాలుగో గడిలోంచి కొట్టేసి రెండో గడిలో పెడుతున్నారు. మధ్యలో వేరే నియోజకవర్గాల ఫోన్లు కూడా వినిపించారు. అక్కడ వేసేవాళ్ళు వేస్తామన్నారు, వెయ్యనివాళ్ళు ఛీ పొమ్మన్నారు. చూద్దాం అన్నవాళ్ళు పెద్దగా లేరు.

"ఇక్కడొక్కచోటే" అన్నారాయన. "ఇష్టం ఉన్నచోట కాదనే మాట వేరేలా ఉంటుందని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళ చదువూ ఎందుకు తగలెయ్యను?"

"ఇప్పుడెంత?"

కాగితం నా వైపు తిప్పారు. అన్నయ్య దగ్గరదగ్గరగా కూడా లేడు.

శుక్రవారం సాయంత్రం టీవీలో ఆయన కార్యక్రమం ఉంది. నియోజకవర్గాల వారీగా ఎవరు గెలుస్తారో పేర్లతో సహా చెప్పాలి. ఊరూ వాడా టీవీల ముందు కూర్చునే రోజు అది. "ముందు బావకి చెప్పాలి" అన్నారు. గురువారం మధ్యాహ్నం ఇద్దరం అన్నయ్య ప్రచారం ఆఫీసుకి వెళ్ళాం. ఖాళీగా ఉన్న దుకాణం అద్దెకి తీసుకుని రేకుల కుర్చీలు వేశారు. బయట ఎవరో నిచ్చెనెక్కి బ్యానరు కడుతున్నారు. అన్నయ్య ఎండకి నల్లబడ్డాడు, చిక్కిపోయాడు. గొంతు పోయింది.

మా ఆయన ఏదీ దాచకుండా చెప్పారు. అన్నయ్య అడ్డు రాకుండా విన్నాడు.

"అంటే నన్ను ఆసుపత్రికి తెచ్చుకోవడానికి ఓడిస్తున్నారా?" అని నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళు నిండిపోయాయి.

"అన్నయ్యా, మళ్ళీ తీసుకోరన్న సంగతి నువ్వే అందరికీ చెప్పు" అన్నాను.

"ఏమని చెప్పను చిన్నీ? నాకింకే దిక్కూ లేదు, వెయ్యండి తల్లీ అని గుమ్మం గుమ్మం ఎక్కి దేబిరించనా?" వేళ్ళతో కణతలు నొక్కుకున్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "తప్పెవరైనా చేస్తారు బావా, నేనేం అనను. ఒక్కటి చేసిపెట్టు. రేపు అన్ని సీట్లూ చెప్పు, నాదొక్కటి వదిలెయ్. ఓడిపోతాడని నీ నోట వస్తే ఎల్లుండికి ఈ ఆఫీసులో కుర్చీలు కూడా మిగలవు. ఇంకా రెండు వారాలుంది. నా తంటాలేవో నన్ను పడనీ."

మా ఆయన గోడ మీద అన్నయ్య పోస్టరు వైపు చూస్తున్నారు. ఒక్క సీటు, అదీ బావమరిది సీటు, ఖాళీగా వదిలేస్తే మిగతా లెక్కల్ని ఎవరైనా నమ్ముతారా? ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు. అయినా సరేననండి, సరేననండి అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

"చూద్దాం" అన్నారాయన.

అన్నాక గానీ ఏమన్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. చటుక్కున తలెత్తారు. అప్పటికే అన్నయ్య నా వైపు తిరిగాడు.

"విన్నావా చిన్నీ? మీ ఆయన ఇంకా తేల్చుకోలేదట."

ఇంటికి తిరిగొస్తూ దారంతా పోట్లాడాను. "ఒక్క సీటు వదిలేస్తే మిమ్మల్నెవరైనా ఉరితీస్తారా? అన్నయ్య మునిగింది మీ మాట విని కాదూ?"

"అందుకే" అన్నారు. "నా తప్పు లెక్క నమ్మి వాడు ఉద్యోగం వదిలాడు. తప్పని తెలిశాక కూడా నోరు మూసుకుంటే, ఇన్నాళ్ళూ నేను చేసింది లెక్క కాదు, గారడీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అన్నది నిజమని తెలుసు కాబట్టి మరీ మండింది. ఆ చూద్దాం సంగతి ఆయన చెవిన వేసింది కూడా నేనేగా. నేను గమ్మున ఉండి ఉంటే ఆ గడులు అలాగే ఉండేవి, అన్నయ్య ఆఖరి రోజు దాకా నవ్వుతూ తిరిగేవాడు.

శుక్రవారం నేను అన్నయ్యవాళ్ళింట్లో ఉన్నాను. అన్నయ్య ప్రచారంలో ఉన్నాడు. వదినా నేనూ టీవీ ముందు కూర్చున్నాం. ఒక్కొక్క పేరే చెప్పుకుంటూ వచ్చారు మా ఆయన. అన్నయ్య సీటు దగ్గరికొచ్చేసరికి మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు, తాగకుండానే పెట్టేశారు.

"ఈ స్థానంలో నా మొదటి లెక్క తప్పు. అక్కడ డాక్టరుగారు ఓడిపోతారు" అన్నారు. యాంకరు ఏదో అడగబోతుంటే చెయ్యెత్తి ఆపారు. "ఒక్క మాట చెప్పనివ్వండి. జనానికి ఆయనంటే కోపం లేదు. ఓడిస్తే ఆసుపత్రికి తిరిగొస్తారనుకుంటున్నారు. కానీ నిబంధనల ప్రకారం ఆయన..."

సబ్బు ప్రకటన వచ్చింది. బట్టలు తెల్లగా ఆరేసుకుంటూ ఒకామె పాట పాడింది. వదిన లేచి టీవీ కట్టేసింది. "ఆ రోజే అడిగానమ్మా" అంది నా వైపు చూడకుండా. గట్టిగా నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అన్నయ్య అన్నట్టే అయింది. శనివారానికి కార్యకర్తలు పల్చబడ్డారు, ఆదివారానికి బండి తోలేవాడు కూడా జ్వరమన్నాడు. ఆఖరి వారం అన్నయ్య, నేను, వదిన, ఇంకో నలుగురం తిరిగాం. కుర్చీలు వేశారు. నీళ్ళిచ్చారు. తిరిగి రానివ్వరని నేనే నోరు విడిచి చెప్పాను, సిగ్గు విడిచి చెప్పాను. "అలా ఎందుకంటారమ్మా, మంచే జరుగుతుంది" అని నన్నే ఓదార్చి పంపారు.

లెక్కింపు రోజు మధ్యాహ్నానికి తేలిపోయింది. మా ఆయన రెండోసారి వేసిన లెక్కకి ఒక్క శాతం అటూ ఇటూ. మాస్టారు మళ్ళీ కొట్టారని అభినందించడానికి ఫోన్ల మీద ఫోన్లు. ఆయన ఫోను స్విచ్చి ఆపేసి, పడక్కుర్చీలో తువ్వాలు మొహమ్మీద కప్పుకుని పడుకున్నారు. ఆ తువ్వాలు కింద ఏడుస్తున్నారని నాకు తెలుసు. వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

కొత్త ప్రభుత్వం కొలువుతీరే లోపే హెడ్మిస్ట్రెస్ కర్ర పట్టుకుని ఆసుపత్రిలో నా గదికి వచ్చింది. వేలాడుతున్న వెన్నెముకని చూసి, ముఖం విప్పార్చుకుని, "డాక్టరుగారు వచ్చేశారా అమ్మా?" అంది. రారని చెప్పాను. ఇంకెప్పటికీ రారని చెప్పాను. ఆవిడ బల్ల మీద కూలబడిపోయి, "మేం రమ్మనే కదమ్మా..." అంటూ మాట పూర్తిచెయ్యలేక ఏడ్చింది. ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడికి పోయిందో, నేనూ ఏడ్చాను.

తొలి వాన పడకముందే మా ఆయన తనంతట తానే తాపీమేస్త్రీని తీసుకొచ్చి వంటింటి కప్పు బాగుచేయించారు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. వాన పడింది. ఒక్క చుక్క కారలేదు.

అన్నయ్యకి చాలా దూరంలో ఉన్న ఊళ్ళో ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సామాను లారీకి ఎక్కిస్తున్న రోజు వెళ్ళాను. గిన్నెలన్నీ గోనె సంచుల్లోకి వెళ్ళిపోయాయి. వదిన అట్టపెట్టెలకి తాడు బిగిస్తోంది.

"పొయ్యి కూడా కట్టేసుకున్నారుగా. సాయంత్రం మా ఇంట్లో భోజనం చేసి బయల్దేరండి అన్నయ్యా" అన్నాను. "ఆయన మరీ మరీ చెప్పమన్నారు. తనే వద్దామనుకున్నారు, మొహం చెల్లక ఆగిపోయారు."

వదిన తాడు బిగించడం ఆపింది. అన్నయ్య నా తలమీద చెయ్యి వేశాడు. రోగుల్ని నిమిరేటప్పుడు ఎలా నవ్వుతాడో అలాగే నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా కోపం లేదు.

"చూద్దాం చిన్నీ" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వంటింట్లో ఉన్నారు. బల్ల తుడిచి, నాలుగు పళ్ళాలు పెట్టి, నాలుగు గ్లాసుల్లో నీళ్ళు పోస్తున్నారు. నా అడుగుల చప్పుడుకి తిరిగి చూశారు.

"వస్తానన్నాడా?"

"చూద్దాం అన్నాడు."

ఆయన చెంబు కింద పెట్టారు. తర్వాత రెండు గ్లాసుల్లో నీళ్ళు మళ్ళీ బిందెలో పోసేసి, రెండు పళ్ళాలు తీసి అలమరలో పెట్టేశారు.